తొలి నల్లజాతి నర్సమ్మ మేరీ మహోనీ

మన బడిలో పెద్ద తరగతి పిల్లలు హైస్కూలు చివరి ఏడాదికి వచ్చేసరికి, ఆదివారం మాటలన్నీ కాలేజీ దరఖాస్తుల చుట్టూనే తిరుగుతాయి. ఒకరు మెడిసిన్ అంటారు, ఒకరు కంప్యూటర్ సైన్స్ అంటారు. విన్న పెద్దలం మురిసిపోతాం. ఎవరైనా నర్సింగ్‌లో బి.ఎస్.ఎన్. డిగ్రీ చదువుతానంటే మాత్రం మనలో చాలామందిమి ఒక్క క్షణం ఆగుతాం. మార్కులు బాగానే ఉన్నాయి కదా, డాక్టరే కావచ్చు కదా అని సలహా కూడా ఇచ్చేస్తాం. ఆ ఒక్క క్షణం మన మనసులో ఏముందో తడిమి చూసుకోవడానికి, ఈ సంచికలో ఒక మహనీయురాలి జీవితాన్ని పరిచయం చేస్తున్నాం. ఆమె పేరు మేరీ ఎలైజా మహోనీ. అమెరికాలో నర్సింగ్ చదివి పట్టా పుచ్చుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ.

మేరీ 1845లో బోస్టన్ ప్రాంతంలో జన్మించారు. ఆమె తల్లిదండ్రులు నార్త్ కరోలినా నుంచి వచ్చినవారు, బానిసత్వం నుంచి విముక్తి పొందినవారు. ఆ రోజుల్లో నార్త్ కరోలినాలో బానిసలకు చదవడం, రాయడం నేర్పడం నేరం. అలాంటి చోటు నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పిల్లల చదువు ఎంత విలువైనదో మనం ఊహించుకోవచ్చు. 1855లో మసాచుసెట్స్ రాష్ట్రం తన బడుల్లో జాతి భేదం పాటించకూడదని చట్టం చేసింది. ఆ తరువాత తెల్ల, నల్ల పిల్లలను కలిపి కూర్చోబెట్టిన తొలి బడుల్లో ఒకటైన ఫిలిప్స్ స్కూల్లో మేరీ చదువుకున్నారు.

పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికే నర్సు కావాలన్న కోరిక ఆమెలో బలపడింది. అయితే అప్పటికి అమెరికాలో నర్సులకు ఒక పద్ధతి ప్రకారం పాఠాలు చెప్పి పట్టా ఇచ్చే బడులు ఇంకా రాలేదు. బోస్టన్‌లో 1862లో డాక్టర్ మేరీ జక్‌షెఫ్‌స్కా అనే వైద్యురాలు స్త్రీలకు, పిల్లలకు న్యూ ఇంగ్లండ్ ఆసుపత్రిని స్థాపించారు. వైద్యం చేసేదీ స్త్రీలే, నడిపేదీ స్త్రీలే. మేరీ ఆ ఆసుపత్రిలో పనికి కుదిరారు. వంట చేశారు, బట్టలు ఉతికారు, గదులు తుడిచారు. వీలు దొరికినప్పుడల్లా రోగుల దగ్గర నర్సులకు చేదోడుగా ఉన్నారు. అలా ఒకటి కాదు, రెండు కాదు, దాదాపు పదిహేనేళ్ళు గడిచాయి.

1872లో అదే ఆసుపత్రి నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడు అక్కడ మొట్టమొదటి పట్టా అందుకున్న లిండా రిచర్డ్స్‌ను అమెరికాలో శిక్షణ పొందిన తొలి నర్సుగా చెప్పుకుంటారు. చేరాలంటే షరతులు ఉండేవి. వయసు 21 నుంచి 31 లోపు ఉండాలి. ఆరోగ్యం, ఒంట్లో సత్తువ, మంచి నడవడి ఉండాలి. వీటికి తోడు నల్లజాతి వారికి ఏటా ఒక్క సీటు, యూదులకు ఒక్క సీటు అన్న పరిమితి కూడా ఉండేది. మేరీకి సీటు దొరికేసరికి 1878 మార్చి వచ్చింది. అప్పటికి ఆమె ముప్పై మూడో ఏట ఉన్నారు, అంటే వయోపరిమితి దాటిపోయింది. అయినా చేర్చుకున్నారు. అన్నేళ్ళుగా ఆమె పని తీరును కళ్ళారా చూసినవారు కనుకనే ఆ నిబంధనను పక్కన పెట్టి ఉంటారని ఆమె జీవితాన్ని పరిశీలించినవారు భావిస్తారు.

ఇక చదువు సంగతి. మొత్తం పదహారు నెలలు. తెల్లవారుజామున అయిదున్నరకు మొదలైతే రాత్రి తొమ్మిదిన్నర దాకా పని, పాఠం రెండూ సాగేవి. అంటే రోజుకు పదహారు గంటలు! మెడికల్, సర్జికల్, ప్రసూతి వార్డుల్లో వంతులవారీగా నెలల తరబడి పని. ఒక్కో విద్యార్థినికి ఆరుగురు రోగుల బాధ్యత. మధ్యలో డాక్టర్లు వచ్చి శరీరధర్మాల మీద, శస్త్రచికిత్స రోగుల సంరక్షణ మీద, బాలింతల సంరక్షణ మీద, రోగులకు పెట్టే ఆహారం మీద, క్రిములను చంపే మందుల మీద ఉపన్యాసాలు ఇచ్చేవారు. నాడి చూడడం, జ్వరం కొలవడం, కట్టు కట్టడం మంచం పక్కనే నిలబడి నేర్చుకోవాలి. ఆఖరి నెలల్లో బయటి కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి, పక్కన పెద్దలెవరూ లేకుండా రోగిని చూసుకోవాలి. వారానికి ఒకటి నుంచి నాలుగు డాలర్ల దాకా భత్యం ఇచ్చేవారు.

ఆ ఏడు చేరిన 42 మందిలో చివరికంటా నిలిచి 1879లో పట్టా అందుకున్నవారు నలుగురే. ఆ నలుగురిలో మేరీ ఒకరు. ఆమె మనిషి చిన్నది, పట్టుమని అయిదడుగులు, బరువు వంద పౌండ్లు కూడా ఉండేది కాదు. నేల తుడిచిన చోటే నర్సు పట్టా పుచ్చుకున్నారు.

ఈ వివరాలు చదువుతుంటే మన పిల్లలు నేడు చదివే బి.ఎస్.ఎన్. గుర్తుకు రాక మానదు. ఇప్పుడది నాలుగేళ్ళ డిగ్రీ. కొన్ని యూనివర్సిటీలు హైస్కూలు కాగానే నేరుగా నర్సింగ్‌లో చేర్చుకుంటాయి. మరికొన్ని ముందు రెండేళ్ళు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ చదివించి, ఆ గ్రేడ్లు చూసి మళ్ళీ వడపోస్తాయి. చాలాచోట్ల ప్రవేశ పరీక్ష కూడా ఉంటుంది. ఆ తరువాత ఫార్మకాలజీ, పిల్లల, వృద్ధుల, మానసిక రోగుల సంరక్షణ, ప్రజారోగ్యం. వీటన్నిటితో పాటు ఆసుపత్రిలో క్లినికల్స్. మందు మోతాదు లెక్కలో చిన్న పొరపాటు కూడా రోగికి ప్రమాదం కావచ్చు. డిగ్రీ చేతికొచ్చాక ఎన్‌క్లెక్స్ పరీక్ష నెగ్గితేనే లైసెన్సు. పేర్లు మారాయి, పాఠాలు పెరిగాయి. కానీ ఒక చేత్తో పుస్తకం, మరో చేత్తో రోగి చెయ్యి పట్టుకుని నేర్చుకునే పద్ధతి మాత్రం మేరీ చదివిన నాటిదే.

పట్టా అయితే వచ్చింది గానీ గౌరవం వెంటనే రాలేదు. ఆ కాలంలో నర్సులు ఎక్కువగా ధనికుల ఇళ్ళలో ఉండి రోగులను చూసుకునేవారు. నల్లజాతి నర్సు అనగానే కొందరు యజమానులు ఆమె పనిమనిషి కూడా అనుకునేవారు. మేరీ ఎవరితోనూ తగాదా పడలేదు. భోజనం మాత్రం ఇంటి పనివాళ్ళతో కలిసి చేయకుండా వంటింట్లో ఒంటరిగా చేసేవారని చెబుతారు. పదిహేనేళ్ళు తానూ వంట, చాకిరీ చేసిన మనిషి, ఆ పనులను చిన్నచూపు చూసి అలా చేశారని మేము అనుకోము. తన చదువు వేరు, తన బాధ్యత వేరు అని ఎదుటివారికి తెలియజెప్పడానికి ఆమె ఎంచుకున్న మార్గం అది. ఆమె నేర్పు, ఓర్పు నోటా నోటా పాకి దూర రాష్ట్రాల నుంచి కూడా పిలుపులు వచ్చాయి.

తనకు దొరికిన సీటుతో ఆమె తృప్తిపడి ఊరుకోలేదు. 1908లో మార్తా ఫ్రాంక్లిన్, అడా థోమ్స్ వంటివారు నల్లజాతి పట్టభద్ర నర్సులకు ఒక జాతీయ సంఘాన్ని స్థాపించారు. 1909లో బోస్టన్‌లో జరిగిన దాని మొదటి మహాసభలో స్వాగతోపన్యాసం మేరీదే. నర్సింగ్ చదువులో ఉన్న అసమానతలను ఆ సభలో ఎత్తిచూపారు. తాను చదివిన ఆసుపత్రే నల్లజాతి విద్యార్థినులను ఇంకా ఎక్కువమందిని చేర్చుకోవాలని, అందుకు గట్టిగా అడగాలని కోరారు. తనకు అన్నం పెట్టి, చదువు చెప్పిన సంస్థను అలా ప్రశ్నించడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! ఆ తరువాత కొంతకాలం న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమాన్ని నడిపించారు. 1920లో స్త్రీలకు ఓటు హక్కు రాగానే బోస్టన్‌లో ఓటరుగా నమోదైన తొలి మహిళల్లో ఆమె ఒకరు. అప్పటికి ఆమెకు డెబ్భై అయిదేళ్ళు.

1923లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 1926 జనవరి 4న, ఎనభై ఏళ్ళ వయసులో, తాను వంట చేసిన, చదువుకున్న ఆ న్యూ ఇంగ్లండ్ ఆసుపత్రిలోనే కన్నుమూశారు. 1936లో నల్లజాతి నర్సుల సంఘం ఆమె పేరిట ఒక పురస్కారాన్ని నెలకొల్పింది. 1951లో ఆ సంఘం అమెరికన్ నర్సుల సంఘంలో కలిసిపోయాక కూడా పురస్కారం కొనసాగింది. 1993లో జాతీయ మహిళా కీర్తి మందిరంలో ఆమెకు స్థానం లభించింది.

మనం ఈ దేశానికి వచ్చి, మన పిల్లలకు ఏ కాలేజీలో సీటు వస్తుందా అని ఆత్రపడుతున్నాం. తప్పులేదు. కానీ ఒక్క సీటు కోసం పదిహేనేళ్ళు కాచుకున్న మనిషిని తలుచుకుంటే, నర్సింగ్ అన్నది డాక్టరు సీటు రానివారు సర్దుకునే చదువు కాదని తెలుస్తుంది. వచ్చే ఏడు మన పిల్లల్లో ఎవరైనా నర్సింగ్‌కు దరఖాస్తు చేస్తున్నామని చెబితే, ఆ ఒక్క క్షణం ఆగకుండా, మనస్ఫూర్తిగా భుజం తట్టి, వ్యాసం ఎంతవరకు రాశారో, ఏయే కాలేజీలు చూశారో అడుగుదాం. పిల్లలూ, మీకు మా అందరి ఆశీస్సులు.