గిడుగు రామమూర్తి పంతులుగారి బాలబోధన

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు వినినంతనే వ్యావహారికభాషావాదము స్ఫురించును. ఆయన ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండిరన్న సంగతిని మాత్రము పండితలోకము అంతగా గణింపలేదు.

1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగక్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో ఆయన జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూశాఖలో చిరుద్యోగి. 1875లో విషజ్వరముచే గతించిరి. విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదువు సాగినది. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి. 1880లో నెలకు 30 రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో క్రింది తరగతులకు చరిత్ర బోధించు పనిలో ప్రవేశించిరి. ముఖలింగాలయశాసనములను స్వయంకృషితో చదువ నేర్చినదియు ఆ రోజులలోనే.

పర్లాకిమిడి చుట్టును గల కొండలలో సవరలు నివసింతురు. ఆనాటికి వారి భాషకు లిపి లేకుండెను, గ్రంథము లేకుండెను. పంతులుగారు ఆ భాష తెలిసినవారి నింట నుంచుకొని నేర్చిరి; కాలినడకను మన్యమున తిరిగిరి. మన్యపుజ్వరములకు వాడిన క్వినైనువలన వినికిడి పోయినది. సవరభాషలో వాచకములు, కథలు, పాటలు కూర్చి, సొంతధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములు తామే యిచ్చిరి. మదరాసు ప్రభుత్వమువారు పారితోషిక మీయబోగా, తనకు ధనము వలదనియు, దానితో సవరలకు బడి పెట్టి నడపవలసినదనియు కోరిరి. 1913లో రావుబహదూరు బిరుదము వచ్చినది.

ఆనాటి వీథిబడులలో బెత్తము, గోడకుర్చీ, కోదండము విద్యలో భాగములే. కోదండమనగా దూలమునకు కట్టిన త్రాటిని పట్టించి బాలుని వ్రేలాడదీయుట. ఇట్టి శిక్షలకు శాస్త్రసమ్మతి కలదని వాదించువారు లేకపోలేదు. మనుస్మృతి రెండవ యధ్యాయమున హింసలేకయే, మధురవాక్కుతో శ్రేయస్సు నుపదేశింపవలెనని విధించినది. ఎనిమిదవ యధ్యాయమున త్రాటితోగాని వెదురుబద్దతోగాని వీపున కొట్టవచ్చుననియు, తలపై కొట్టరాదనియు చెప్పినది. రెండవమాటను పట్టుకొని మొదటిదానిని విడిచిన గురువులే హెచ్చు.

సవరబాలుర విషయమున ఈ చిక్కు మరింత లోతైనది. తెలియని భాషలో ప్రశ్న వేసినచో పిల్లవాడు నోరు మెదపడు. గురువు దానిని మొండితనముగా నెంచి బెత్తము తీయును. పంతులుగారి వాచకములు ఆ మౌనమునకు మూలమునే తొలగించినవి.

తెలుగుబాలుని స్థితి దానికన్న కొంచెమే మేలు. 1906 ప్రాంతమున ఉత్తరమండలములకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర, పిల్లలు మాటలాడు తెలుగునకును పుస్తకముల తెలుగునకును గల యంతరమును జూచి ప్రశ్నించెను. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులుగా నున్న పి.టి. శ్రీనివాసయ్యంగారును, అప్పారావుగారును, రామమూర్తి పంతులుగారును ఆ ప్రశ్నను చేపట్టిరి. పంతులుగారు 1911లో ఉద్యోగము విరమించి, తక్కిన జీవితమును దీనికే ధారవోసిరి. ఆ సంవత్సరముననే స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు ప్రతిపక్షమై నిలిచినది.

సంస్కృతవ్యాకరణమును సంస్కృతసూత్రములతోనే బాలురు నేర్చుచుండగా తెలుగు కావ్యభాష కేల యడ్డమని పండితుల యాక్షేపము. ఇది పైకి బలముగా దోచును. కాని కౌముదిపాఠము చెప్పు శాస్త్రిగారుకూడ సూత్రము నుచ్చరించి, వెంటనే యింటితెలుగులో విడమరచి చెప్పినప్పుడే శిష్యుడు తలయూచును. పంతులుగారు కావ్యములను చదువవలదనలేదు. ఆ భాషలోనే వ్రాయుమని బాలుని నిర్బంధింపవలదనిరి. గ్రాంథికవాదుల రచనలలోనే వ్యాకరణదోషములను ఏరి చూపినప్పుడు వారి వాక్కు పరుషమైనదన్న మాట నిజమే. శిష్యులయెడ విధింపబడిన మధురవాక్కు ప్రతివాదులకు దక్కలేదు.

1919లో తెలుగు అను పత్రికను నడపిరి. సవరభాషావ్యాకరణము 1931లోను, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడినవి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సారాష్ట్రమున చేర్పబడగా, ఐదుదశాబ్దులకు పైబడి నివసించిన యా పట్టణమును విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22వ తేదీన దివంగతులైరి.