మూలన పడ్డ డ్రైవ్ నుంచి మొదలైంది!

బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నప్పటి సంగతి. జమ్మికుంటలో మా ఇంట్లో ఓ పాత లాప్‌టాప్, దానికి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎక్స్‌టర్నల్ డీవీడీ డ్రైవ్. ప్రాజెక్టుకు కావాల్సినవన్నీ సీనియర్లు ఇచ్చిన డిస్కుల్లోనే ఉన్నాయి. ఏయే సిస్టమ్స్‌లో పనిచేస్తుందో డ్రైవ్ డబ్బా మీద రాసి ఉంటుంది కదా, నాది ఆ లిస్టులో లేదు. కేబుల్ పెడితే లైటు వెలిగేది, వెంటనే ఆరిపోయేది. మూడు రోజులు కుస్తీ పట్టి, ఇక దీన్ని మూలన పడేద్దాం అనుకున్నా. సరిగ్గా అప్పుడే గ్యారీ కిల్డాల్ గురించి చదివా. నా డ్రైవ్ ఏమైందో చివర్లో చెప్తా. ముందు ఆయన కథ చూడండి.

లెక్కల టీచర్ కావాలనుకొని..

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. ఓడలు నడపడం నేర్పే కాలేజీ ఒకటి వాళ్ల కుటుంబానికి ఉండేది. ఆయన కూడా లెక్కల టీచర్ అవుదామనే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరారు. అక్కడ కంప్యూటర్ పరిచయమయ్యాక దారి మారింది. అది వియత్నాం యుద్ధకాలం. నౌకాదళంలో చేరాల్సి రావడంతో, కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఉన్న నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో పాఠాలు చెప్పారు. 1972లో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

1971లో ఇంటెల్ 4004 చిప్ వచ్చింది. అప్పటికి కంప్యూటర్ అంటే ఎక్కువగా పెద్ద పెద్ద యంత్రాలే. వేలెడంత చిప్‌తోనూ కంప్యూటర్ చేయొచ్చన్న ఆలోచన కిల్డాల్‌ను కుదురుగా ఉండనివ్వలేదు. ఇంటెల్‌కు కన్సల్టెంట్‌గా చేరి, ఆ చిప్‌ల కోసం పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. 8 బిట్ల ఇంటెలెక్ కంప్యూటర్ ఒకటి ఆయన చేతికొచ్చింది.

డ్రైవ్ ఉంది.. దారి లేదు

ఆ కంప్యూటర్‌లో ప్రోగ్రాములు దాచుకోవాలంటే కాగితపు టేపే దిక్కు. టెలిటైప్ మెషీన్ ఆ టేపును సెకనుకు 10 అక్షరాల చొప్పున చదివేది. అప్పుడే కొత్తగా వచ్చిన 8 అంగుళాల ఫ్లాపీలో సుమారు 2.5 లక్షల అక్షరాలు పట్టేవి. అంత సమాచారం టేపు నుంచి చదవాలంటే 7 గంటలు కూర్చోవాలి!

షుగార్ట్ కంపెనీ నుంచి కిల్డాల్ ఓ వాడేసిన ఫ్లాపీ డ్రైవ్ సంపాదించారు. చిక్కేంటంటే, దాన్ని ఇంటెలెక్‌కు కలిపే మార్గమే లేదు. డిస్కు మీద హెడ్‌ను ఎటు జరపాలో, బిట్లను ఎలా చదవాలో చూసుకునే కంట్రోలర్ బోర్డు కావాలి. తనే చేద్దామని చూశారు, కుదరలేదు. సాఫ్ట్‌వేర్‌లో దిట్టే కానీ సర్క్యూట్లు ఆయన బలం కాదు. డ్రైవ్ అలాగే పడి ఉంది.

అయినా ఆయన ఖాళీగా కూర్చోలేదు. డ్రైవ్ పనిచేస్తే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో ముందే రాసి పెట్టుకున్నారు. యూనివర్సిటీ రోజుల స్నేహితుడు జాన్ టొరోడ్‌కు ఎలక్ట్రానిక్స్ బాగా వచ్చు. ఆయన సాయం అడిగారు. టొరోడ్ కంట్రోలర్ తయారుచేశారు. 1974లో డ్రైవ్ పనిచేసింది. దాన్ని నడిపిన ఆ సాఫ్ట్‌వేరే సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్.

ట్రాక్టర్ సూత్రం

ఇంటెల్ దాన్ని అమ్మడానికి ఆసక్తి చూపలేదు. దాంతో కిల్డాల్, భార్య డొరొతీ కలిసి పసిఫిక్ గ్రోవ్‌లో సొంత కంపెనీ పెట్టారు. అదే తర్వాత డిజిటల్ రీసెర్చ్ అయింది. సీపీ/ఎం ధర 70 డాలర్లు. అయితే ఒక్కో కంపెనీ కంప్యూటర్ ఒక్కో రకం, డ్రైవ్ ఒక్కో రకం. ఐంసాయ్ కంపెనీ తమ మెషీన్‌కు సీపీ/ఎం కావాలని అడిగినప్పుడు కిల్డాల్‌కు విసుగొచ్చింది. ప్రతిసారీ మొత్తం మళ్లీ రాయాలా?

మన దగ్గర ట్రాక్టర్ చూడండి. వెనక కల్టివేటర్ తగిలించినా, ట్రాలీ తగిలించినా ఇంజిన్ మార్చం, తగిలించే చోటే చూసుకుంటాం. కిల్డాల్ చేసిందీ అదే. హార్డ్‌వేర్‌ను బట్టి మారే కాస్త కోడ్‌ను విడదీసి, దానికి బయోస్ అని పేరు పెట్టారు. మిగతా సీపీ/ఎంను ముట్టుకోకుండా, కొత్త మెషీన్‌కు బయోస్ ఒక్కటి రాస్తే చాలు. అప్పటిదాకా సపోర్ట్ లేని కంప్యూటర్లు కూడా వరసకట్టాయి. మన విండోస్‌లో సీ డ్రైవ్ అంటున్నామే, ఆ అక్షరాల పద్ధతి కూడా సీపీ/ఎం మీదుగా వచ్చిందే. ఏ, బీలు ఫ్లాపీలకు పోగా హార్డ్‌డిస్కుకు సీ మిగిలింది.

1980లో ఐబీఎం వాళ్లు తలుపు తట్టారు, కానీ ఒప్పందం కుదరలేదు. ఆ రోజు ఏం జరిగిందనేది చెప్పేవాళ్లను బట్టి మారుతుంటుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డాస్ 40 డాలర్లు. తర్వాత అమ్మకానికి పెట్టిన సీపీ/ఎం-86 ధర 240 డాలర్లు. జనం ఏది కొన్నారో చెప్పక్కర్లేదు.

కిల్డాల్ అక్కడితో ఆగిపోలేదు. సీడీ-రాం కొత్తగా వస్తున్న రోజుల్లో దాన్ని పీసీకి కలిపే పని మీద పడ్డారు. 1985లో సీడీ మీద వచ్చిన గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియా వెనక ఉన్నది ఆయన కంపెనీయే. అంటే మళ్లీ కొత్త డిస్కు, మళ్లీ దారి లేని కంప్యూటర్! 1994 జులై 11న, 52 ఏళ్లకే మాంటెరీలో కన్నుమూశారు. 2014లో పసిఫిక్ గ్రోవ్‌లో ఆ కంపెనీ ఉన్న ఇంటి ముందు ఐఈఈఈ సంస్థ స్మారక ఫలకం పెట్టింది.

ఇంతకీ నా డ్రైవ్?

కిల్డాల్‌ను చూసి నేనూ సాయం అడిగా. ఎలక్ట్రికల్ చదివే దోస్తు వచ్చి చూసి, పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు చాలట్లేదు అన్నాడు. రెండు పోర్టుల నుంచి కరెంటు తీసుకునే కేబుల్ తెచ్చి పెట్టాం. డిస్కు తిరిగింది. అన్నాళ్లూ నేను సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటున్నా, లోపం మాత్రం వేరేచోట ఉంది.

తర్వాత ఓ ఎంబెడెడ్ ఉద్యోగం ఇంటర్వ్యూలో, నా మార్కుల కంటే ఎక్కువసేపు ఈ మూడు రోజుల గురించే అడిగారు. ఫర్మ్‌వేర్, డివైస్ డ్రైవర్ ఉద్యోగాల్లో రోజూ చేసేది ఇదే మరి. మీ ఇంట్లోనూ పనిచేయని వస్తువు ఏదో మూలన ఉండే ఉంటుంది. బయటికి తీయండి. ఎక్కడ ఆగిందో ఒక్కో మెట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి. మీకు రానిది వచ్చినవాళ్లను అడగండి. అది పనిచేసినా, చేయకపోయినా, ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ సొంత కథ ఒకటి ఉంటుంది.