నాగటి చాలు – స్టీరియో రికార్డు

వాల్వు ఆంప్లిఫయరు వెలుగుతూ స్టీరియో రికార్డు తిరుగుతుంటే, సేద్యగాడి కొడుకుని కదా, నాకు నాగటి చాలే గుర్తొస్తుంది. రికార్డు మీది చాలుకూ రెండు గోడలుంటాయి. ఎడమ చెవి పాట ఒక గోడన, కుడి చెవి పాట మరో గోడన, చెరి 45 డిగ్రీల వాలులో చెక్కొచ్చని 1931లోనే పేటెంటుకు రాసిచ్చినవాడు అలన్ బ్లమ్‌లైన్. 1903లో లండన్‌లో పుట్టాడు, ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు. 38 ఏళ్ల బతుకులో 128 పేటెంట్లు!

యుద్ధం రాగానే రాడారు పనిలోకి దిగాడు. 1942 జూన్ 7న రాడారును పరీక్షిస్తుండగా విమానం ఇంజను అంటుకుని కూలింది. ఆయనతో కలిపి 11 మంది పోయారు. స్టీరియో రికార్డులు విరివిగా అంగళ్లకొచ్చింది 1958లో.

విత్తినవాడికి పంట అందలేదు, తింటున్నది మనం. మిత్రులారా, ఈసారి సూది దించేటప్పుడు ఆ పేరు ఒక్కసారి తలుచుకుందాం.