అఫనాసీ నికితిన్

అఫనాసీ నికితిన్ 15వ శతాబ్దానికి చెందిన రష్యన్ వర్తకుడు, యాత్రికుడు. జన్మస్థలం వోల్గా నదీతీరాన గల త్వేర్ నగరం. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరుటకు పాతికేళ్ళకు పైగా ముందే ఇతడు దక్కనులో సంచరించి, శ్రీశైలాన్ని దర్శించాడు. ఇతని యాత్రారచన "మూడు సముద్రాల ఆవలికి ప్రయాణం" ప్రాచీన రష్యన్ సాహిత్యంలో ముఖ్యమైనది. ఆ సముద్రాలు కాస్పియన్, అరేబియా మరియు నల్ల సముద్రం.

ప్రయాణం

నికితిన్ 1466లో బయలుదేరాడని సంప్రదాయ అభిప్రాయం. 1468 అని కొందరు పరిశోధకులు భావిస్తారు. ఆస్ట్రఖాన్ వద్ద తాతారులు దోచుకొనగా సరుకులతో పాటు మతగ్రంథాలు కూడా పోయాయి. వట్టి చేతులతో స్వదేశానికి మరలలేక బాకు, పర్షియా, హోర్ముజ్‌ల మీదుగా, అమ్మకానికి ఒక గుర్రంతో చౌల్ రేవు చేరాడు.

జున్నార్‌లో అధికారి అసద్ ఖాన్ ఆ గుర్రాన్ని లాగుకొని, ఇస్లాం స్వీకరించమని నాలుగు రోజుల గడువు విధించాడు. ఖురాసానుకు చెందిన ఖోజా మహమ్మద్ జోక్యంతో మతమూ, గుర్రమూ రెండూ దక్కాయి.

బీదరులో

నేటి సిద్దిపేటకు పడమరన గల బీదరు అప్పుడు బహమనీ రాజధాని. మూడవ మహమ్మద్ షా సుల్తాను, మహమూద్ గవాన్ మంత్రి. గుర్రాన్ని అక్కడే అమ్మాడు. ప్రభువుల వైభవాన్నీ, గ్రామీణుల పేదరికాన్నీ నమోదు చేశాడు. తాను క్రైస్తవుడనని తెలుపగా, హిందువులు తమ ఆచారాలను అతని వద్ద దాచలేదు.

శ్రీశైల యాత్ర

వారితో కలిసి నికితిన్ "పర్వతం" అను క్షేత్రానికి వెళ్ళాడు. ఇది శ్రీశైలమనీ, ఆ ఉత్సవం శివరాత్రి అనీ పండితులు గుర్తించారు. తలనీలాలు ఇచ్చే యాత్రికులను, నల్లరాతి నందిని, రాతిలో చెక్కిన దేవతాలీలలను వర్ణించాడు. శ్రీశైల ప్రాకారంపై నేటికీ గల శిల్పాలు ఈ వర్ణనకు సరిపోవుచున్నవి.

గ్రంథాలు పోయినందున ఈస్టరు తిథిని లెక్కించలేక, స్వధర్మానికి దూరమవుతున్నానని వేదన చెందాడు. అరబ్బీ, పారశీక, తురుష్క పదాలతో ప్రార్థనలు వ్రాసినందున అతడు మతం మారెనా అన్న చర్చ చరిత్రకారులలో ఉన్నది.

మరణం, గ్రంథం

దాభోల్ రేవులో ఓడనెక్కి హోర్ముజ్, ట్రెబిజాండ్, కాఫాల మీదుగా తిరిగి వెళ్తూ, స్మోలెన్స్క్ చేరకముందే మరణించాడు. అతని వ్రాతలు 1475లో మాస్కో చేరి రాజవృత్తాంతాలలో చోటు పొందాయి. 19వ శతాబ్దారంభంలో చరిత్రకారుడు కరమ్‌జిన్ వాటిని వెలుగులోకి తెచ్చాడు.

1955లో త్వేర్‌లో విగ్రహం నెలకొల్పారు. 1957లో కె.ఎ.అబ్బాస్, వసీలీ ప్రోనిన్‌ల దర్శకత్వంలో ఇతని కథ "పరదేశి" చిత్రంగా వెలువడింది.