జస్టిస్ కోకా సుబ్బారావు – ఓడిన తీర్పు గెలిచిన వైనం

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజులు మన పాత విద్యార్థుల్లో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి లేచిన కాలమది. అలా తలుపు తట్టే అధికారం పోలీసులకు ఎంతవరకు ఉందన్న ప్రశ్నపై అంతకు పదహారేళ్ల ముందే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో అందరికంటే ముందుకు వెళ్లి ఆలోచించినవారు మన తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు గారు.

ఆయన 1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో డిగ్రీ, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, మామగారి వద్ద జూనియర్‌గా వకాలత్ మొదలుపెట్టారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956 నవంబరులో రాష్ట్రాలు కలిశాక మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుకూ ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అప్పీళ్లు ఆ హైకోర్టుకే వెళ్లేవి. 1958 జనవరిలో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరున హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిళ్లు వచ్చి తలుపు బాది లేపేవారు. ఎక్కడికి వెళ్లినా నిఘా పెట్టేవారు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు రాత్రి తనిఖీలను మాత్రం కొట్టివేసి, మిగతా నిఘాను ఉండనిచ్చారు. గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. గోప్యత లేనిదే స్వేచ్ఛ లేదని, ఆ నిఘా మొత్తం చెల్లదని వేరే తీర్పు రాశారు. జస్టిస్ షా ఒక్కరే ఆయనతో నిలిచారు.

1966 జూన్‌లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 6–5 మెజారిటీతో తీర్పు వచ్చింది. అది పంజాబ్‌లో భూపరిమితి చట్టం కింద పోయిన భూమి గొడవ. దొరల భూముల కింద నలిగిన మన పల్లెల్లో భూసంస్కరణ కోసం ఎదురుచూసినవారికి అది మింగుడుపడే తీర్పు కాదు. 1973లో కేశవానంద భారతి కేసులో కోర్టు దానిని పక్కన పెట్టింది. కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం మార్చరాదని చెప్పింది.

గోలక్‌నాథ్ తీర్పు వచ్చిన రెండు నెలలలోపే పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. న్యాయపీఠం నుంచి నేరుగా ఎన్నికల్లోకి దిగడం చాలామందికి నచ్చలేదు.

ఎమర్జెన్సీలో నిర్బంధితులు కోర్టు తలుపు తట్టే వీలు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సరిగ్గా ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావు గారు కన్నుమూశారు. 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆనాడు ఇద్దరి మాటగా మిగిలినది 55 ఏళ్లకు దేశం మాట అయింది. పౌరశాస్త్రం చెప్పే మన ఉపాధ్యాయులు గెలిచిన తీర్పులతోపాటు ఇలా ఓడిన తీర్పు ఒకటైనా పిల్లలకు చెప్పాలని మనవి.