హార్ట్ రేట్ కంటే ముందు యల్లాప్రగడ

హనుమకొండలో పొద్దున్నే భద్రకాళి చెరువు వైపు సైకిల్ తొక్కుతాను. ఛాతీకి హార్ట్ రేట్ బెల్ట్ ఉంటుంది. పది సెకన్లు ప్రాణం పెట్టి తొక్కినా నంబర్ వెంటనే పెద్దగా పెరగదు, స్పీడ్ తగ్గించాక పైకెళ్తుంది. మరి ఆ పది సెకన్ల శక్తి ఎక్కడిది? వెతికితే మన తెలుగాయన దొరికారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ జబ్బు ఆయన సోదరుల్ని తీసుకుపోయింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్టే చేతికొచ్చింది. 1923లో బోస్టన్ వెళ్లి, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1927లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని కనిపెట్టారు. గుండె వేగం అందుకునేలోపు నా కాళ్లని ఆదుకునేది ముఖ్యంగా అదే!

హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. స్ప్రూకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని అక్కడ ఆయన టీమే తయారుచేసింది. బోదకాలు మందు హెట్రాజాన్ కూడా వాళ్లదే. 1948లో, 53 ఏళ్లకే పోయారు.

ఇప్పుడు స్ప్రింట్‌లో నేను మానిటర్ చూడను, లాంగ్ రైడ్‌లోనే చూస్తాను. నా స్కూల్ బయాలజీలో ఆయన పేరు చదివిన గుర్తే లేదు. ఆ నంబర్ లాగే, నాకు ఆయన కూడా లేటుగానే తెలిశారు.