ఖాళీ తూటాల లెక్క చెప్పిన వేటగాడు

తుపాకీ పేలిన తరువాత గుండు ఎటో పోతుంది. పొగ గాలిలో కలిసిపోతుంది. వేటగాని దగ్గర మిగిలేది ఒక ఖాళీ ఇత్తడి గుల్ల మాత్రమే. సామాన్యంగా వేటగాళ్ళు దానిని గడ్డిలో వదలి ముందుకు సాగిపోతారు. కాని, కాల్చిన ప్రతి తూటా గుల్లను ఏరి తెచ్చి లెక్క అప్పజెప్పడం పసితనంలోనే అలవడిన వేటగాడు ఒకడున్నాడు. ఆ లెక్కే ఆయన జీవితాన్ని తీర్చిదిద్దిందనీ, వేటతో మొదలైన ఆ జీవితాన్ని వన్యమృగ రక్షణ దాకా నడిపించిందనీ చెప్పవచ్చును. కుమావూఁ కొండల ప్రజలు ‘కార్పెట్ సాహెబ్’ అని ఆప్యాయంగా పిలుచుకొన్న జిమ్ కార్బెట్ ఆయనే.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25వ తేదీన నైనిటాల్‌లో జన్మించాడు. ఆయన పూర్వులు ఐర్లండు దేశస్థులు. తండ్రి క్రిస్టఫర్ విలియమ్ నైనిటాల్‌లో పోస్టుమాస్టరు. వేసవిలో కొండమీద నైనిటాల్‌లోను, చలికాలంలో కొండ దిగువన కాలాధుంగి గ్రామంలోను వారి కాపురం. 1881లో తండ్రి కాలం చేశాడు. సంసారం పెద్దది, రాబడి చిన్నది. తల్లి మేరీ జేన్, అన్న టామ్ కలసి ఆ బరువు మోశారు. కాలాధుంగి ఇంటి వాకిలి దాటితే అడవే. బడిలో చదివిన చదువు కంటె ఆ అడవిలో చదివిన చదువే జిమ్‌కు ఎక్కువ వంటబట్టింది. ఏ పిట్ట ఎందుకు కూసింది, ఏ అడుగుజాడ ఏ జంతువుది, అది ఎంత సేపటి క్రిందటిది అన్న సంగతులు ఆ పిల్లవానికి కంఠతా వచ్చేవి.

ఆయన చేతికి వచ్చిన మొదటి తుపాకీ నోటినుండి మందు కూరే పాతకాలపు జోడుగొట్టాల తుపాకీ. స్టీఫెన్ డీజ్ అనే బంధువు కుమావూఁ పక్షులను గూర్చి పుస్తకం వ్రాస్తూ, పక్షుల నమూనాలు తెచ్చి ఇమ్మని దానిని జిమ్‌కు ఇచ్చాడు. కుడిగొట్టం చీలిపోయి పనికిరాకుండా ఉన్నది. గొట్టాలూ కట్టె ఊడిపోకుండా ఇత్తడి తీగ చుట్టి ఉన్నది. మిగిలిన ఎడమగొట్టంతోనే వేట. కొలత ప్రకారం నల్లమందు పోసి, గుడ్డపీలిక కూరి, సీసపు రవ్వలు పోసి, మళ్ళీ కూరి, వెనుక కేపు పెట్టి పేల్చాలి. ఒక దెబ్బ గురి తప్పితే మళ్ళీ ఇదంతా మొదటినుండి చేసుకోవాలి. అంతలో వేట ఎక్కడికో వెళ్ళిపోతుంది. మందు, సీసం కొనడానికి బీద విధవరాలి కుమారుని వద్ద డబ్బు ఎక్కడిది? అందుచేత తప్పనిసరిగా పొదుపు నేర్చుకొన్నాడు. ఆ తుపాకీలో తూటా లేదు గనుక ఏరవలసిన గుల్లా లేదు. గుల్లల లెక్క తరువాతి తుపాకీతో వచ్చింది.

నైనిటాల్‌లో వాలంటీరు రైఫిల్ దళానికి అనుబంధంగా బడిపిల్లల దళం ఒకటి ఉండేది. పదేళ్ళ జిమ్ అందులో చేరాడు. ఒకనాడు పెద్ద సైనికాధికారి ఒకరు పిల్లల గురి చూడటానికి వచ్చారు. ఆయనే తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ పదవి పొందిన రాబర్ట్స్ ప్రభువు. జిమ్ వంతు వచ్చినప్పుడు భయంతో చేతులు వణికి మొదటి దెబ్బలు గురికి తగలలేదు. అది చూసి ఆ పెద్దమనిషి ప్రక్కకు వచ్చి, తుపాకీ గురిబిళ్ళను రెండు వందల గజాలకు సరిచేసి, తొందరపడవద్దని మెల్లగా ధైర్యం చెప్పాడు. ఆ తరువాతి దెబ్బలు సూటిగా తగిలాయి. పిల్లల పాలిట సింహస్వప్నమైన సార్జెంటు మేజరు కూడా మెత్తబడి, 450 మార్టినీ సైనిక రైఫిలు ఒకటి బాలునికి ఎరువు ఇచ్చాడు. తూటాలు కావలసినన్ని తీసుకొనవచ్చును గాని షరతులు రెండు. తుపాకీ శుభ్రంగా ఉంచాలి. కాల్చిన తూటాల ఖాళీ గుల్లలు తిరిగి అప్పజెప్పాలి.

ఈ రెండవ షరతు చాదస్తమని తోచవచ్చును. కాని అందులో గట్టి కారణం ఉన్నది. ఆ కాలపు మార్టినీ-హెన్రీ తూటాలో రెండున్నర తులాల పైబడిన సీసపు గుండు, ఇంచుమించు అరతులం నల్లమందు, అడుగున కేపు, వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి గుల్ల ఉంటాయి. తుపాకీ పేలగానే ఆ వేడి వాయువుల ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి గొట్టానికి అతుక్కొని, వాయువు వెనుకకు తన్నకుండా అడ్డుకొంటుంది. క్షణంలో మళ్ళీ కొద్దిగా ముడుచుకొంటుంది. మీట క్రిందికి లాగితే గుల్ల బయటపడుతుంది. పేలిన కేపు తీసి క్రొత్తది పెట్టి, మందు పోసి, గుండు బిగిస్తే మంచి గుల్ల మళ్ళీ పనికి వస్తుంది. పనికిరాకపోయినా ఇత్తడికి వెల ఉన్నది. అంతకన్న ముఖ్యం, ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని గుల్లలు తిరిగి వస్తే, సర్కారు తూటా చేతులు మారలేదని రుజువు. అందుకే సైన్యంలో తూటాకు ఎంత లెక్కో, గుల్లకూ అంత లెక్క.

సార్జెంటు మేజరు కోరింది ఇత్తడి లెక్క. ఆ బాలుడు నేర్చుకొన్నది మరొక లెక్క. తూటా ఊరకే వచ్చినదే. కాని పేల్చిన ప్రతిసారీ ఆ చోటనే ఆగి, గడ్డిలో గుల్ల వెదకి తీసుకోవాలి. ఈ దెబ్బ దేనికి కొట్టాను, ఎక్కడ తగిలింది, ఏమయింది అన్న ప్రశ్న ఆ ఆగిన నిమిషంలోనే మనసుకు తగులుతుంది. ఆ రైఫిలుతోనే జిమ్ మొదటి చిరుతపులిని కొట్టాడు. అది గాయపడి పొదలలోకి పోయింది. పెద్దవాళ్ళే వెనుకంజ వేసే సమయమది. అయినా గాయపడిన జంతువును అట్లా వదలి రావడం తప్పు అని ఆ పసివాడు రక్తపు జాడ పట్టి వెదకి దానిని చేరుకొన్నాడు. ఈ నియమం ఆయనకు జీవితాంతం నిలిచింది.

చదువు త్వరగా ముగిసింది. పద్ధెనిమిదేళ్ళయినా నిండకముందే రైల్వేలో కట్టెల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం దొరికింది. ఆనాడు రైలింజనులు కట్టెలతో నడిచేవి. వాటికోసం అడవి నరికించడమే పని. అడవిని ప్రాణంగా చూచుకొనే మనిషికి అంతకన్న కష్టమైన కొలువు ఉండదు. పిమ్మట బీహారులో గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరకులు ఒక రైలునుండి మరొక రైలుకు చేరవేసే కంట్రాక్టు తీసికొని, ఇరవై ఏళ్ళకు పైగా కూలీల నడుమ బ్రతికాడు. మొదటి ప్రపంచయుద్ధంలో 1917లో కుమావూఁ కూలీల దళాన్ని వెంటబెట్టుకొని ఫ్రాన్సు వెళ్ళి వచ్చాడు.

ఈ మధ్యలోనే ఆయన పేరు దేశమంతటా మ్రోగింది. నేపాలులో రెండు వందల మందిని, ఆపైన కుమావూఁలో అంతకు పైబడి మనుషులను చంపిన ఆడపులి ఒకటి చంపావత్ ప్రాంతాన్ని గడగడలాడిస్తూ ఉండేది. మొత్తం 436 ప్రాణాలు దానికి బలి. 1907లో అధికారులు అడిగినప్పుడు కార్బెట్ కూడా రెండు షరతులు పెట్టాడు. ఆ పులి తలపై ప్రకటించిన బహుమతి రద్దు చేయాలి. అక్కడ తిరుగుతున్న తక్కిన వేటగాళ్ళను వెనుకకు పిలిపించాలి. డబ్బు కోసం వేటాడానన్న మాట పడటానికి ఆయనకు మనసొప్పలేదు. ఎవరో పొరపాటున కాల్చిన గుండుకు తాను బలి కావడం కూడా ఇష్టం లేదు.

ఆ వేటకు ఆయన తీసుకుపోయినవి మూడే తూటాలు. అవసరానికి మించి తూటాలు మోయడం ఆయనకు అలవాటు లేదు. ఊళ్ళవాళ్ళు మూడు వందల మంది దాకా కొండమీద వరుసగా నిలబడి డప్పులతో, కేకలతో, చేతికందిన నాటు తుపాకులతో అడవిని తోలారు. పులి బయటపడింది. మూడు తూటాలూ అయిపోయాయి. గాయపడిన పులి మాత్రం ఇంకా నిలిచే ఉన్నది. కార్బెట్ పరుగున వెళ్ళి అక్కడ ఉన్న తహసీల్దారు తుపాకీ అడిగి తెచ్చుకొని, దాని ఎదుటికి నడిచి వెళ్ళి పని ముగించాడు.

ఆ తరువాత పులి కళేబరాన్ని పరీక్షించినప్పుడు కనబడిన సంగతి ఆయన జీవితంలోకెల్లా పెద్ద పాఠం. దాని కుడివైపు కోరలు రెండూ విరిగిపోయి ఉన్నాయి. పైకోర సగానికి, క్రింది కోర ఎముక దాకా విరిగింది. అవి ఎప్పుడో ఒక వేటగాని గుండు తగిలి విరిగినవి. కోరలు లేని పులి జింకను పట్టలేదు, దున్నను పడగొట్టలేదు. ఆకలి దానిని మనుషుల మీదికి తరిమింది. ఎక్కడో, ఎవడో, గురి సరిగా చూడక పేల్చి, గాయపడిన మృగాన్ని వెదకకుండా ఇంటికి పోయాడు. వాని తూటా గుల్ల ఏ గడ్డిలోనో పడి నల్లబడి ఉంటుంది. ఆ ఒక్క లెక్క చెప్పని తూటా వెల 436 ప్రాణాలు.

మనిషి రుచి మరిగిన పులులన్నీ పుట్టుకతో క్రూరమైనవి కావనీ, చాలావాటికి పాత గాయాలో, దిగబడిన ఏదుముళ్ళో, ముసలితనమో కారణమనీ కార్బెట్ తరువాత తన గ్రంథాలలో వివరించాడు. తన తప్పులను కూడా ఆయన దాచుకోలేదు. చౌగఢ్ ప్రాంతంలో తల్లి, ఎదిగిన పిల్ల కలసి మనుషులను చంపుతున్నప్పుడు, 1929లో తల్లి అనుకొని పిల్లను కొట్టాడు. మరుసటి ఏడు 1930లో తల్లి పులి చిక్కేలోగా ఇంకా కొన్ని ప్రాణాలు పోయాయి. ఆ సంగతిని ఆయన ఉన్నదున్నట్లు వ్రాసి, ఆ ప్రాణాల ఖర్చు తన ఖాతాలోనే వేసుకొన్నాడు.

బదరీ కేదార యాత్రికులు నడిచే బాటలో ఎనిమిదేళ్ళ పాటు 125 మందిని పొట్టబెట్టుకొన్న రుద్రప్రయాగ చిరుతను 1926లో కొట్టింది కూడా ఆయనే. రాత్రుల తరబడి మామిడిచెట్టు మీద మంచెపై కూర్చున్నాడు. ఆ చివరి రాత్రి పేల్చిన తూటా ఒక్కటే. అంతటితో ఆ బాటమీద భయం తొలగింది.

అప్పటికే ఆయన మనసు తుపాకీ నుండి మరలుతున్నది. పులులను ఛాయాచిత్రాలు తీసిన అటవీ అధికారి ఛాంపియన్ కృషి ఆయనను ఆకర్షించింది. కెమెరా పట్టుకొని, సెలయేటి ఒడ్డున మరుగు కల్పించుకొని, నెలల తరబడి కాచుకొని, పట్టపగలు పులుల చలనచిత్రం తీశాడు. కెమెరాతో చేసే వేటలో జంతువు తన దారిన తాను పోతుంది. ఏరవలసిన గుల్ల ఉండదు, వెదకవలసిన రక్తపు జాడ ఉండదు. మనుషులను చంపే పులి కోసం ఊళ్ళవాళ్ళు పిలిచినప్పుడు మాత్రం తుపాకీ తీసేవాడు. 1938లో ఠాక్ గ్రామం దగ్గర కొట్టిన పులి అట్టి వాటిలో చివరిది. అప్పటికి ఆయనకు అరవై మూడేళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు, 1936లో, భారతదేశంలో మొదటి జాతీయ వనం రామగంగా నది లోయలో ఏర్పడింది. గవర్నరు హేలీ పేరు పెట్టిన ఆ వనం వెనుక కార్బెట్ కృషి ఎంతో ఉన్నది. ఆయన మరణానంతరం స్వతంత్ర భారత ప్రభుత్వం దానికి కార్బెట్ పేరే పెట్టింది. 1973లో పులుల సంరక్షణ పథకం ఆరంభమైనది కూడా ఆ అడవిలోనే.

కాలాధుంగి చెంత ఛోటీ హల్ద్వానీ అనే చిన్న గ్రామాన్ని ఆయన కొని, అడవిజంతువులు పంట పాడుచేయకుండా చుట్టూ రాతిగోడ కట్టించాడు. దేశం విడిచి వెళ్ళేటప్పుడు భూములను సాగు చేసుకొంటున్న రైతులకే వదలివేశాడు. పెళ్ళి చేసుకోలేదు, అక్క మ్యాగీయే ఆయనకు తోడు. 1944లో వెలువడిన కుమావూఁ నరభక్షకుల గ్రంథం ప్రపంచమంతటా పేరు తెచ్చింది. 1947లో అక్కతో కలసి కెన్యా దేశం వెళ్ళి న్యేరిలో స్థిరపడ్డాడు. అక్కడినుండే భారతదేశపు పేదప్రజలను గూర్చి మనసు కరిగే పుస్తకం వ్రాసి 1952లో ప్రకటించాడు. 1955 ఏప్రిల్ 19వ తేదీన అక్కడే కన్నుమూశాడు.

పూర్వుల దేశం వేరు, పుట్టిన గడ్డ వేరు అయినవాళ్ళు ఏ గడ్డను తమది అనుకోవాలి? తరతరాలుగా తెలుగునాటికి వెలుపల కాపురముంటున్న మనకు ఈ ప్రశ్న క్రొత్త కాదు. ఆ గడ్డకు తాను చేసిన మేలు, కలిగించిన నష్టం రెండూ కలిపి లెక్క చెప్పగలవానిదే ఆ గడ్డ అని కార్బెట్ జీవితం జవాబు చెబుతున్నది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో రాశివారీగా ఆదాయ వ్యయాలు వింటాము. ఆదాయం ఎంతైనా కానీ, వ్యయాన్ని దాచకుండా చదివించుకోవడం మన ఆచారం. అడవులు తరిగి, పులుల సంఖ్య గణించుకొనే రోజులు వచ్చిన తరువాత, పదేళ్ళ పిల్లవాడు గడ్డిలో వెదకి ఏరిన ఆ ఖాళీ గుల్లల విలువ మనకు ఇంకా బాగా తెలిసివస్తున్నది.